ఊరు తిరిగిన మంచు టైర్లు

"ఏం జేస్తున్నవమ్మా ఆడ? గాలి తీస్తున్నవా?"

వెనక నుంచి ఆ గొంతు వినపడేసరికి నేను పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుని, ఎవరిదో తెలియని వ్యాన్ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాను. ఒంటి మీద మా ఆయన లావుపాటి జాకెట్, కాళ్ళకి సాక్సుల మీద చెప్పులు, జడలో ప్లాస్టిక్ మల్లెపూలు. లోపల హాల్లో ఎవరి బాబుదో మొదటి పుట్టినరోజు, కేకు ఇంకా కొయ్యలేదు. నేనేమో బయట పార్కింగ్‌లో, టైరు పక్కన చెక్కిన అంకెల మీద మట్టిని చేతి రుమాలుతో తుడిచి చదువుతున్నాను. ఉలిక్కిపడి లేవబోతే కొంగు కాలికింద పడి మళ్ళీ కూలబడ్డాను. "గాలి తియ్యట్లేదండీ, నెంబర్ చూస్తున్నా" అన్నాను. "నెంబరు గావాలంటె ఎనక ప్లేటు మీద ఉంటది గద. ముంగట చక్రం మీద ఎందుకుంటది?" అందావిడ, చేతులు నడుం మీద పెట్టుకుని. అప్పుడర్థమైంది, ఆ వ్యాన్ ఆవిడదేనని.

ఆ తర్వాత ఏమైందో చెప్పే ముందు, ఇంటర్మీడియెట్ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నర్సరావుపేట పిల్ల మిషిగన్ చలిలో పరాయివాళ్ళ టైర్లు ఎందుకు తుడుస్తోందో చెప్పాలి.

ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళందరిదీ ఒకటే కారు. ఒకటే అంటే ఒకటే. అదే జపాన్ కంపెనీ, అదే నాలుగు తలుపుల బండి, రంగు కూడా అదే బిస్కెట్ రంగు. (అందరూ పనిచేసేది అమెరికా కార్ల కంపెనీల్లో, కొనుక్కునేది మాత్రం జపాన్ కారు. ఈ సంగతి ఆఫీసు పార్కింగ్‌లో ఎవరూ పైకి మాట్లాడుకునేవారు కాదు.) కొత్తగా వచ్చినవాళ్ళు ముందు వచ్చినవాళ్ళని "ఏ కారు కొనాలన్నా?" అని అడిగేవాళ్ళు, వాళ్ళు తమది చూపించేవాళ్ళు, అంతే, అలా ఊరంతా అదే అయిపోయింది. ఒకసారి గుడి దగ్గర మా ఆయన చాలాసేపు తాళం తిప్పి, తిట్టి, తలుపు గుద్ది, చివరికి వెనక సీట్లో ఎవరి పిల్లాడిదో కుర్చీ చూసి "మనకి పిల్లలెప్పుడు పుట్టారు?" అన్నారు. ఒకే కారు కావడం వల్ల సుఖం కూడా ఉండేది. ఒకరింట్లో మిగిలిన కాళ్ళ కింది పట్టాలు ఇంకొకరి కారులో పడేవి, ఒకరి వైపర్లు ఇంకొకరికి సరిపోయేవి. ఎవరి దగ్గర ఏం తీసుకున్నా అది మన కారుకి పడుతుందా అని అడగాల్సిన పనే లేదు. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మేముండేది ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో, కింది ఇల్లు. నేను వచ్చిన మొదటి చలికాలం ఎలా గడిచిందంటే, నేను ఫ్రిజ్‌తో మాట్లాడేదాన్ని. నవ్వకండి. ఆయన పొద్దున్నే కారేసుకుని వెళ్ళిపోతే, బయట మోకాలెత్తు మంచు, బస్సులు లేవు, నడిచి వెళ్ళేచోట కొట్టు లేదు. నాకేమో నోరు మూతపడదు. మా ఊళ్ళో పాలవాడితో మొదలుపెట్టి రాత్రి తలుపు గడియ పెట్టేదాకా మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఇక్కడ ఎవరున్నారు? ఆ ఫ్రిజ్ పాతది, ఉండుండి "ఊఁ" అనేది. నేను కూరగాయలు తరుగుతూ ఏదో చెప్పేదాన్ని, అది ఊఁ కొట్టేది. మా అమ్మకి ఫోన్లో ఈ సంగతి చెబితే కంగారుపడి ఎవరినో అడిగి తాయెత్తు పంపిస్తానంది. (రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారని చెబితే ఇంకా కంగారుపడింది. "ఉప్పు తొక్కకూడదే, నువ్వు బయటికి వెళ్ళకు" అంది. అమ్మా, అసలు వెళ్ళేదెక్కడ!)

అందుకని వేసవి రాగానే పట్టుపట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్స్ తెచ్చుకున్నాను. ఆయన సోమవారం, గురువారం స్నేహితుడి కారులో ఆఫీస్‌కి వెళ్ళేట్టు, ఆ రెండు రోజులూ కారు నాకిచ్చేట్టు ఒప్పందం. అబ్బ, ఆ రెండు రోజులు చూడాలి నన్ను! లైబ్రరీలో పిల్లల పుస్తకాలు చదివేదాన్ని, ఇండియన్ కొట్టుకి వెళ్ళి ఒక్క కొత్తిమీర కట్ట కొనడానికి గంటసేపు కబుర్లు చెప్పేదాన్ని, గుడిలో వంటింట్లో పులిహోర కలిపేదాన్ని. ఫ్రిజ్ ఊఁ అన్నా పలికేదాన్ని కాదు.

ఆకులన్నీ రాలిపోయాక ఒక సాయంత్రం ఆయన కాఫీ తాగుతూ మామూలుగా, జీతం పడిందన్నంత మామూలుగా చెప్పారు. "ఇక మంచు మొదలైతే నువ్వు కారు తియ్యకు. మార్చి దాకా తాళాలు నా దగ్గరుంటాయి."

"ఎందుకండీ?"

"మన టైర్లు మంచుకి పనికిరావు. జారతాయి."

"మరి మీరెలా నడుపుతారు?"

"నాకు అలవాటు."

(ఆ అలవాటు సంగతి నాకు తెలుసు. పెళ్ళికి ముందు ఏడాది ఆయన అదే కారుని మంచులో రోడ్డు పక్క గుంటలోకి దింపి, ట్రక్కు వచ్చి లాగేదాకా లోపల వణుకుతూ కూర్చున్నారట. పెళ్ళిచూపుల్లో ఈ ముక్క చెప్పలేదు. తర్వాత ఒక స్నేహితుడు చెప్పాడు.)

"మంచుకి పనికొచ్చే టైర్లు ఉంటాయా?" అన్నాను. "ఉంటాయి. వింటర్ టైర్లని వేరే ఉంటాయి. మెత్తటి రబ్బరు, లోతైన గాడులు. అవి కొనాలి, మార్పించాలి, తీసినవి దాచాలి, అదంతా పెద్ద గొడవ" అన్నారు. "అవి పడితే తాళాలు నావేనా?" అన్నాను. ఆయన నవ్వి, "మొదటి మంచు పడేలోపు నాలుగు వింటర్ టైర్లు వేయించావనుకో, నీ రోజుల్లో తాళాలు నీవే. నేనడగను" అన్నారు. నా వల్ల కాదనే ధైర్యం. ఆయన సంగతి నాకు తెలియదా! నేను మాత్రం మనసులో ఆ మాటకి ముడి వేసుకున్నాను. ఇంకో చలికాలం ఫ్రిజ్‌తో గడపడం నా వల్ల కాదు.

సరే, ఏ టైర్లు కొనాలి? చుట్టూ అందరూ కార్ల కంపెనీవాళ్ళేగా, అడిగితే చెబుతారనుకున్నాను. ఆ ఆదివారం మా ఇంట్లో బిర్యానీకి పిలిచి అడిగాను. తర్వాత తెలిసింది, ఒక్కొక్కరు కారులో ఒక్కొక్క ముక్క మీద పనిచేస్తారు, పక్క ముక్క సంగతి వాళ్ళకి తెలియదు. మా ఆయనది వైపర్ల ప్రోగ్రామ్, వాన ఎంత పడితే వైపర్ ఎంత వేగంగా తిరగాలో. ఇంకొకాయన తలుపులు. ఆయన్ని మేము తలుపుల అన్నయ్య అనేవాళ్ళం. ఇంకొకాయన బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట. ఆయన జీవితమంతా ఆ గంట మీదే ఉన్నాడు. టైర్ల మీద ఎవరూ లేరు. అయినా మాట్లాడకుండా ఉంటారా? తలుపుల అన్నయ్య "మామూలు టైర్లు చాలమ్మా, మెల్లగా పోతే సరి" అన్నాడు. గంట అన్నయ్య "ముందు రెండిటికి వేయిస్తే చాలు, ఇంజన్ లాగేది ముందు చక్రాలే కదా" అన్నాడు. తలుపుల అన్నయ్య దానికి "అప్పుడు వెనకది జారి ముందుకొస్తుంది" అన్నాడు. ఇద్దరూ చెంచాలతో ప్లేట్ల మీద బొమ్మలు గీసుకుని వాదించుకున్నారు. చివరికి మా ఆయన తీర్పు చెప్పారు: "ఇవన్నీ ఎందుకు, డిక్కీలో రెండు సోనా మసూరి బస్తాలు వేస్తే బండి బరువెక్కి జారదు." నేను "బియ్యం అయిపోయాకో?" అన్నాను. అందరూ పెరుగన్నంలోకి వెళ్ళిపోయారు.

ఇంతలో ఒక కబురొచ్చింది. పక్క కాంప్లెక్స్‌లో ఉండే ఒక అన్నయ్యకి ప్రాజెక్ట్ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో దొరికింది, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. (ఆ రోజుల్లో ఉద్యోగాలు అలాగే ఉండేవి. నిన్న ఇక్కడ, రేపు ఇంకెక్కడో.) ఇల్లు మారేవాళ్ళు అమ్మేసే సామానంతా మూవింగ్ సేల్ అని గ్రూప్ ఈమెయిల్‌లో పెట్టేవాళ్ళు. పరుపు, రైస్ కుక్కర్, టీవీ బల్ల, వెట్ గ్రైండర్. ఆ వరసలో చివర "వింటర్ టైర్లు, నాలుగు, చాలా బాగున్నాయి" అని ఉంది. నేను ఫోన్ చేసేంత ఆలస్యం కూడా చెయ్యకుండా గురువారం కారేసుకుని వెళ్ళిపోయాను. కాలిఫోర్నియా అన్నయ్య (అప్పటికే అందరూ అలా పిలవడం మొదలుపెట్టారు) బాల్కనీలో ప్లాస్టిక్ పట్టా తీసి చూపించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా మేనమామకి లారీ ఉండేది, చిన్నప్పుడు ఆయన టైరు గాడిలో వేలు పెట్టి లోతు చూడడం గుర్తుంది. నేనూ వేలు పెట్టి చూశాను. వేలు మునిగింది. తల పండిన లారీ ఓనరులా తలాడించాను. పక్కల మీద ఎర్రగా ఏవో గీతలున్నాయి. పూజ చేసిన కుంకుమ కాబోలు, మంచివాళ్ళు, అనుకున్నాను. "తీసుకో చెల్లెమ్మా. ఫ్రీమాంట్‌లో మంచేది, మాకెందుకు? గ్రైండర్ కూడా కలిపి తీసుకుంటే రేటు చూసి ఇస్తా" అన్నాడు. "మన కారుకి పడతాయి కదన్నయ్యా?" అనైనా అడగొచ్చు కదా! కింద చూస్తే వాళ్ళ కారు కనిపిస్తోంది. అదే కారు, అదే బిస్కెట్ రంగు. ఇంక అడిగేదేముంది?

రెండు టైర్లు డిక్కీలో పట్టాయి, రెండు వెనక సీట్లో పెట్టాం. అవి దొర్లకుండా ఇద్దరు పిల్లలకి కట్టినట్టు బెల్టులు కట్టాడాయన. గ్రైండర్ నా పక్క సీట్లో కూర్చుంది. దానికి బెల్టు కట్టకపోతే గంట అన్నయ్య గంట మోగుతూనే ఉంది, సగం దారిలో ఆపి దానికీ కట్టాను.

ఆ వచ్చే సోమవారం టైర్ల షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్నతను టైరు పక్కన చూశాడు, మా కారు చక్రం చూశాడు, తల అడ్డంగా తిప్పాడు. నా ఇంగ్లీషు అప్పటికి కూరగాయల దాకే ఉండేది కాబట్టి అతను రెండు వేళ్ళు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూపించాడు. ఆ టైర్లు పదహారు అంగుళాల చక్రానివి. మా చక్రం పదిహేను. అంతే. నేను ఆ కౌంటర్ దగ్గర నా చేతి గాజులు చూసుకుంటూ నిలబడిపోయాను. గాజులు కొనేటప్పుడు రెండుంపావా, రెండున్నరా అని అడగకుండా ఎవరైనా కొంటారా? నేను నాలుగు టైర్లు కొన్నాను. టైర్లకి కూడా గాజుల్లా సైజులుంటాయని, అవి దాని పక్కనే రాసి ఉంటాయని ఆ రోజు తెలిసింది. ఆ అంకెలు రెండూ, మావీ ఆ టైర్లవీ, ఫోన్ నెంబర్లలా బట్టీ పట్టాను.

కాలిఫోర్నియా అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆయన ఒట్టేసి చెప్పాడు. "నాకు నిజంగా తెలీదమ్మా. నేనూ ఎవరిదో మూవింగ్ సేల్‌లో తీసుకున్నా. ఈ ఏడు వేయిద్దాం, వచ్చే ఏడు వేయిద్దాం అనుకుంటూ బాల్కనీలో ఉంచేశా. వాళ్ళ దగ్గరా బాల్కనీలోనే ఉండేవి." "వాళ్ళెక్కడ కొన్నారు?" అంటే, "ఇంకో మూవింగ్ సేల్‌లో" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇవి టైర్లు కాదు, పేరంటంలో పెట్టే జాకెట్ ముక్క! ఎవరూ కుట్టించుకోరు. ఒకరు బొట్టుపెట్టి ఇస్తారు, తీసుకున్నవాళ్ళు బీరువాలో పెట్టి ఇంకొకరికి పెడతారు. అందరిదీ ఒకటే కారని ఊరంతా నమ్మి, ఒక్కరూ చక్రానికి ఎక్కించి చూడలేదు. ఎక్కించబోయిన మొదటి మనిషిని నేనే.

మా ఆయనకి చెప్పకుండా దాచడానికి అవి ముక్కుపుడకలు కాదు కదా! అపార్ట్‌మెంట్‌లో పెడదామంటే మళ్ళీ మొయ్యాలని కారులోనే ఉంచేశాం. ఆయన ఆఫీస్‌కి వెనక సీట్లో బెల్టులు కట్టిన టైర్లతో వెళ్ళొచ్చారు. ఒక్క మాట అనలేదు. రోజూ కారు దిగుతూ వెనక్కి చూసి "బై పిల్లలూ" అనేవారు. అది ఒక మాట కంటే ఎక్కువ.

ఆ శనివారం పుట్టినరోజుకీ అలాగే వెళ్ళాం. ఆదివారం సాయంత్రం నుంచి మంచు పడుతుందని టీవీలో చెప్పారు. హాల్లోకి వెళ్ళి కూర్చున్నానో లేదో మగవాళ్ళ బల్ల దగ్గర నుంచి నవ్వులు వినిపించాయి. మా ఆయన గొంతు. "గ్రైండర్‌తో పాటు ఫ్రీ అనుకుంది పాపం! ఇప్పుడు ఆ టైర్లలో పిండి రుబ్బాలి." తలుపుల అన్నయ్య బల్ల గుద్ది నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. మంచి మనిషే, కాదనను, కానీ నలుగురు నవ్వేసరికి అదో హుషారు. లేచి, జేబులో కారు తాళాలున్న ఆయన జాకెట్టే తగిలించుకుని బయటికి వచ్చేశాను. పార్కింగ్ నిండా బిస్కెట్ రంగు కార్లు. వాటి మధ్య అక్కడక్కడా పిల్లలెక్కువ ఉన్నవాళ్ళ పెద్ద వ్యాన్లు. ఆ పదహారు చక్రం ఏదైనా వ్యాన్‌ది అయ్యుండాలి కదా అనిపించింది. ఎవరిదైనా సరిపోతే టైర్లు వాళ్ళకి అంటగట్టి, ఆ డబ్బుతో మాకు పడేవి కొనొచ్చు. అలా ఒక్కొక్క వ్యాన్ దగ్గర కూర్చుని అంకెలు చూస్తూ వస్తుంటే మూడోదానికో నాలుగోదానికో అచ్చు ఆ నెంబరే దొరికింది. దొరికిందని మురిసేలోపే వెనక నుంచి ఆ గొంతు.

అదీ సంగతి. ఆవిడకి ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆవిడది కరీంనగర్ వైపు, నాకంటే పదేళ్ళు పెద్దదేమో, చెవుల మీదికి ఊలు టోపీ లాక్కుని వింటూ మధ్యలో ఆపింది. "ఎర్ర గీతలన్నవ్ గద. ఎట్లున్నయ్? సూపియ్ ముందుగాల." కారు దగ్గరికి తీసుకెళ్ళాను. (మొదట వేరే వాళ్ళ కారు దగ్గరికి తీసుకెళ్ళాను, అది వేరే విషయం.) వెనక తలుపు తియ్యగానే బెల్టులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్న టైర్లని చూసి ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, ఇవి మావే!"

"మీవా?"

"మావి గాకుంటె ఎవలియి? గీ ఎర్రది ఏందనుకున్నవ్? నా నెయిల్ పాలిష్! మా వ్యాన్‌కు ఒక్క చలికాలం ఏసి తీసినప్పుడు ముంగటిదేదో ఎనకదేదో యాది మరువద్దని నేనే రాసిన. ఇగో సూడు, 'ము'. గదేమో 'వె'."

చూస్తే నిజంగానే 'ము' ఉంది. నేను కుంకుమ అనుకుని షాపులో ఒకసారి కళ్ళకి కూడా అద్దుకున్నాను. ఆవిడ చెప్పింది, వాళ్ళాయనకి డాలస్‌లో పని వచ్చిందని సామానంతా అమ్మేసి పోయారట. "డాలస్‌ల మంచేడిది? ఉత్తగిచ్చినట్టే ఇచ్చేసిన. గాడ పని అయిపోయె, మళ్ళ ఈడికే ఒస్తిమి. ఇప్పుడు టైర్లు లెవ్వు. మీ అంకుల్‌ను కొనమంటె గా మీటింగ్, గీ మీటింగ్. మంచు ముంగట్కొచ్చె." అని, టైరుని తడిమింది, పుట్టింటి నుంచి వచ్చిన పెట్టెని తడిమినట్టు. నేను గబగబా "మీకిచ్చేస్తానక్కా, తీసుకోండి" అన్నాను. ఎప్పుడు అక్క అయిపోయిందో నాకే తెలీదు.

"మరి నీకు?"

"మాది మన అందరి కారేనక్కా. పదిహేను చక్రం."

ఆవిడ నా వంక చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆగదే! "ఓ పిల్లా, గా కారు మాక్కూడ ఉండె గద! ఎవలికి లేకుండె? డాలస్ కెల్లి ఒచ్చినంక మంచు టైర్లతోనే కొన్నం. అంకుల్‌కు ఆఫీసోల్లు లీజు కారిచ్చిన్రని మొన్ననే అమ్మినం. కొన్న పిలగాడు అట్లాంటా పోతుండు, మంచు టైర్లు నాకెందుకని ఇడిసిపెట్టి పోయిండు. మా గ్యారేజ్‌ల పడున్నయ్ నాలుగు. వాటి మీదికెల్లి దాటుకుంట బట్టలు ఉతుకుతున్న రోజు."

నేను ఈసారి బుద్ధి తెచ్చుకుని "సైజు చూసి తీసుకుంటానక్కా" అన్నాను. "సూస్కోవమ్మా, గాజులెక్క తొడిగి సూస్కో" అంది. కేకు కోసేసరికి మేమిద్దరం మా కారేసుకుని వెళ్ళి వాళ్ళ గ్యారేజ్‌లో ఉన్నాం. ఆవిడ టార్చి పట్టుకుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క టైరూ చదివాను, నాలుగూ, ఒక్కటి కూడా వదలకుండా. రెండొందల ఐదు, అరవై ఐదు, పదిహేను. అచ్చు మావే. గాడిలో వేలు పెడితే మేనమామ కూడా మెచ్చుకునేంత మునిగింది. టైర్లకి టైర్లు మార్చుకున్నాం. బయల్దేరుతుంటే ఆవిడ "ఆగు, ఉత్తచేతుల్తోని పోతవా" అని లోపలికెళ్ళి బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళూ ఒక ఆకుపచ్చ జాకెట్ ముక్కా చేతిలో పెట్టింది. (దాన్ని మడత విప్పి చూశాను. అంచు మీద రెండు మూడు మడతల గుర్తులున్నాయి. అదీ చాలా ఇళ్ళు తిరిగిందే.)

హాల్‌కి తిరిగొస్తే మా ఆయన గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు, జాకెట్ నా ఒంటి మీద ఉందిగా. "ఎక్కడికెళ్ళావు? అంతటా వెతికా" అన్నారు. నిజంగా బెంగపడ్డారు, మొహంలో తెలిసింది. నేను వెనక తలుపు తీసి చూపించాను. "పిల్లలు మారారు" అన్నాను. ఆయన వంగి, అంకెలు చదివి, మళ్ళీ చదివి, నా వైపు చూశారు. ఇంటి దగ్గర దిగుతూ వెనక సీటు వైపు చూసి "బై పిల్లలూ" అనబోయి ఆగిపోయారు.

ఆదివారం పొద్దున్న ఇద్దరం షాపుకి వెళ్ళి వేయించుకొచ్చాం. తీసిన పాత టైర్లు నాలుగూ మా బాల్కనీలోకి చేరాయి. (ఇప్పుడు మేమూ ఊళ్ళో అందరిలాంటి వాళ్ళమే.) సాయంత్రం చక్రాలకి పసుపు, కుంకుమ పెట్టి, నాలుగిటి కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాను. "వాటిని తొక్కించి తీసుకొద్దాం, ఒక్క రౌండు" అంటే ఆయన "చీకటి పడింది, పొద్దున్న నీ రోజే కదా, నువ్వే తొక్కించు" అన్నారు. అప్పుడే మొదటి మంచు రాలడం మొదలైంది, దూది ఏకినట్టు.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడున్న మా కారుకి నాలుగు చక్రాలూ ఇంజనే తిప్పుతుంది, సీట్లు వేడెక్కుతాయి, వెనక కెమెరా కూడా ఉంది. ఎప్పుడైనా గ్యారేజ్‌లో టైరు కనిపిస్తే ఇప్పటికీ వంగి అంకెలు చదువుతాను, అలవాటు పోలేదు. పట్టుచీర కట్టుకుని పార్కింగ్‌లో గొంతుక్కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఏదో రాజ్యం గెలవడానికి బయల్దేరినంత పట్టుదల. గెలిచింది ఏమిటయ్యా అంటే, వారానికి రెండు రోజులు, బిస్కెట్ రంగు కారు.

ఆ సోమవారం పొద్దున్న నేను లేచేసరికి ఆయన వెళ్ళిపోయారు. నా కాఫీ గ్లాసు మీద మూత, మూత మీద కారు తాళాలు. తొందరగా తాగి, జాకెట్ వేసుకుని వెళ్ళి కారు మీద మంచంతా చీపురుతో ఊడ్చి, లోపల కూర్చుని, గోవిందా అనుకుని గేరు వేశాను. నిమ్మకాయలు రాత్రి చలికి రాళ్ళైపోయాయని నాకేం తెలుసు! మూడు అలాగే మంచులోకి దిగబడ్డాయి. నాలుగోది చక్రం కింద నుంచి గోళీలా ఎగిరి వెళ్ళి చెత్త డబ్బాకి టంగుమని తగిలింది. బండి మాత్రం జారలేదు. మెల్లగా, బుద్ధిగా, తిన్నగా ముందుకి కదిలింది. గేటు దాకా వెళ్ళి, ఆగి, అప్పుడు గుర్తొచ్చింది. అసలు ఎక్కడికి వెళ్ళాలి? ఇంత యుద్ధం చేశాను గానీ ఆ పొద్దున్న నాకెక్కడా పని లేదు.

అద్దంలో వెనక్కి చూశాను. మా పై ఇంట్లో నెల క్రితం కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది, నుదురు అద్దానికి ఆనించి. నిన్నగాక మొన్న మెట్ల మీద కనిపించి "మా ఆయన మార్చిలో డ్రైవింగ్ నేర్పిస్తారంట అక్కా" అంది. ఇప్పుడు ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి. ఫోన్ లేదు చేతిలో. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు. వాళ్ళదీ మాలాంటి పాత ఫ్రిజ్జే.

రివర్స్ వేసి, ఆ కిటికీ కింద ఆపి, హారన్ కొట్టాను. ఆ పిల్ల ఉలిక్కిపడి, కిటికీ కాస్త ఎత్తి, "ఎక్కడికక్కా?" అని అరిచింది.

"కొత్తిమీరకి! చెప్పులేసుకుని రా, సాక్సుల మీద వేసుకో!"